బ్రేకు పట్టలేదని చెప్పినాను

ఆ మంగళవారం పొద్దున తిరువళ్ళూరు స్టేషన్లో ఎలక్ట్రిక్ ట్రైను దిగి మెట్లెక్కతా ఉంటే నా కుడికాలి చెప్పు కింది మెట్టు మీదనే ఉండిపోయింది. నాకు తెలియనే లేదు. వెనక వచ్చే ఒకామె "సార్, సెరుప్పు" అని తమిళంలో పిలిచి చెప్పు చూపిస్తే తిరిగి చూసినాను. దిగి, చెప్పులో కాలు పెట్టి, మళ్ళీ ఎక్కబోతే మళ్ళీ జారిపోయింది. వేళ్ళతో పట్టుకోవాలని చూసినాను. వేళ్ళు కదల్లేదు. పాదం పైకి లేపాలని ఎంత చూసినా లేవడం లేదు. నొప్పి కూడా పెద్దగా లేదు. అందుకే ఇంకా ఎక్కువ భయమేసింది.

చెప్పులు రెండూ చేతిలోకి తీసుకొని, కమ్మీ పట్టుకొని ఒక్కో మెట్టూ ఎక్కినాను.

నా పేరు మునిరత్నం. అప్పటికి ముప్పై ఎనిమిదేండ్లు. మాది అత్తిమంజేరిపేట పక్కన పల్లె, కాపురం తిరుత్తణిలో. తిరువళ్ళూరులో ఒక ప్రైవేటు స్కూల్లో ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జ్‌గా ఉండినాను. రోజూ బస్సుల బ్రేకులు, టైర్లు చూసి, డ్రైవర్ల లైసెన్సులు చూసి, సంతకం పెట్టేది నా పని. నెలకొకసారి డ్రైవర్లను కూర్చోబెట్టి రోడ్డు భద్రత గురించి మాట్లాడేది కూడా నేనే. ఇట్లాంటి పని చేసేవాడు ఫలానా బండికి బ్రేకు పట్టలేదంటే ఎవరైనా నమ్ముతారు. నన్నూ నమ్మినారు.

రెండు రోజుల ముందు, ఆదివారం, జరిగింది ఇది.

ముందు చక్రం గాల్లోకి లేపి వెనక చక్రం మీదనే బండి తోలేదాన్ని వీలీ అంటారు. ట్రైన్లో పోతా వస్తా ఫోన్లో వీలీ వీడియోలు చూసేది నాకు ఒక ఏడాదిగా అలవాటు. చూసీ చూసీ ఇందులో ఏముంది, క్లచ్చు వదిలేది, యాక్సిలరేటర్ తిప్పేది, అంతే గదా అనిపించింది. ఆ శనివారం నా భార్య సుజాత తమ్ముడు దాము తన బండి మా ఇంట్లో పెట్టి పోయినాడు. వానికి తిరుత్తణిలో చిన్న మెకానిక్ షాపు ఉంది. బండి ఆ రోజే సర్వీసు చేసినాడు. "ఊరికి పోయేదుంటే తీసుకోని పో బావా, బ్రేకులు కూడా టైటు చేసినా" అని చెప్పి తాళం నా చేతికిచ్చినాడు.

తిరుత్తణి బయట ప్లాట్లు వేసిన లేఅవుట్ ఒకటి ఉంది. రోడ్లు వేసినారు, ఇండ్లు ఇంకా రాలేదు. ఆదివారం ఏడు గంటలకు బండి అక్కడికి తీసుకోని పోయినాను. ప్లాటు రాయికి ఫోను ఆనించి వీడియో పెట్టినాను. హెల్మెట్ ఒకటే పెట్టుకున్నాను, కాళ్ళకు హవాయి చెప్పులు. రెండుసార్లు ముందు చక్రం జానెడు లేచి దిగింది. మూడోసారి లేచింది లేచినట్టే పైకి వచ్చేసింది. నేను భయపడి హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకున్నాను. పట్టుకునే కొద్దీ నా చేయి యాక్సిలరేటర్‌ని ఇంకా తిప్పేసింది. బండి నిట్టనిలువుగా నిలబడి వెనక్కి తిరగబడింది. నేను వెల్లకిలా పడినాను. బండి నా కుడి మోకాలి కింద బయటి వైపు పడి, అట్లనే పక్కకు దొర్లింది.

లేచి నిలబడగలిగినాను. వెనక లైటు, నెంబర్ ప్లేటు విరిగిపోయినాయి. చుట్టూ చూసినాను. ఎవరూ చూడలేదు. నాకు ముందు కలిగింది సంతోషం. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఇంటికి పోయేసరికి కాలు వాచింది. సుజాత ఏమైందని అడిగింది. దారిలోనే తయారుచేసుకున్న మాట చెప్పినాను. దిగుడులో బ్రేకు పట్టలేదు, బండి జారి పక్కనున్న రాతికి తగిలింది, నాకు పెద్దగా ఏమీ కాలేదు అన్నాను. ఆస్పత్రికి పోదామని ఆమె అన్నది. పోతే అడుగుతారు, రాస్తారు, స్కూల్లో తెలుస్తుంది అని నాకు భయం. వద్దన్నాను. మెడికల్ షాపులో క్రేప్ బ్యాండేజ్ కొనుక్కొచ్చి మోకాలి కింద నేనే చుట్టుకున్నాను. సోమవారం ప్యాంటు వేసుకొని పనికి పోవాల గదా, వాపు కనపడకూడదని బాగా బిగించి కట్టినాను. ఆదివారం సాయంత్రం వరకు నా కాలి వేళ్ళు బాగానే కదిలినాయి. అది నాకు బాగా గుర్తుంది. సోమవారం పాదం పైన తిమ్మిరి పట్టినట్టు ఉండింది. కట్టు ఇంకొంచెం కిందికి జరిపి మళ్ళీ బిగించినాను.

మంగళవారం స్కూల్లో నేను నడిచేది చూసి సెల్వం అన్న అనే పెద్ద డ్రైవరు దగ్గరికి వచ్చి, కాలెందుకు సార్ గుర్రం మాదిరి ఎత్తెత్తి వేస్తా ఉండారు అని తమిళంలో అడిగినాడు. పాదం వేలాడి నేలకు తగులుతా ఉంది కాబట్టి మోకాలు ఎత్తి వేసేది నాకే తెలియకుండా వచ్చేసింది. ఆయనే ఆటోలో ఆస్పత్రికి తీసుకోని పోయినాడు.

ఆర్థో డాక్టరమ్మ కట్టు విప్పింది. చర్మం మీద బ్యాండేజ్ అచ్చు లోతుగా పడింది. ఎవరు కట్టినారని అడిగింది. నేనే అన్నాను. ఎక్స్‌రేలో ఫిబులా నెక్ ఫ్రాక్చర్ అని వచ్చింది. మోకాలి కింద బయటి వైపు సన్న ఎముక పైభాగం విరిగింది. ఆ ఎముకను చుట్టుకొని పోయే నరం పేరు కామన్ పెరోనియల్ నర్వ్. పాదాన్ని పైకి లేపేది అదే. అది దెబ్బతింటే పాదం వేలాడిపోతుంది, దాన్ని ఫుట్ డ్రాప్ అంటారు.

"ఎప్పిడి విళుందీంగ?" ఎట్ల పడినారు అని ఆమె అడిగింది. బ్రేకు పట్టలేదు, ఎడమ పక్కకు జారి పడినాను అని చెప్పినాను. యాక్సిడెంట్ రిజిస్టర్‌లో అదే రాసినారు. కింద సంతకం పెట్టినాను. పడిన వెంటనే పాదం లేచిందా, కట్టు కట్టినాక లేవలేదా, ఇది చాలా ముఖ్యం అని ఆమె రెండుసార్లు అడిగింది. గుర్తులేదని చెప్పినాను. వేళ్ళు ఆదివారం కదిలినాయని చెప్తే, ఎందుకు రెండు రోజులు దాచినావని అడుగుతుంది గదా అని భయం.

ఆమె నా కాలు కింద పెట్టి, "మీరు చెప్పేది ఒకటి, మీ కాలు చెప్పేది ఒకటి" అన్నది. నేను తల దించుకున్నాను.

దెబ్బకే నరం తెగిందా, లేక కట్టుకు నలిగిందా అని తేల్చాలంటే నర్వ్ కండక్షన్ టెస్ట్, ఇఎంజి చేయాల. అవి మూడు వారాలు గడిస్తేగాని సరిగ్గా తెలియవన్నారు. ఆ మూడు వారాలు పాదం పడిపోకుండా ఏఎఫ్ఓ అనే ప్లాస్టిక్ స్ప్లింట్ ఇచ్చినారు. పిక్క వెనక నుంచి అరికాలి కింది దాకా ఉంటుంది, పాదం మీద ఒక పట్టీ వేసి బిగించాల.

అదే రోజు సాయంత్రం దాము వచ్చినాడు. సుజాత వానికి ఫోనులోనే అన్నీ చెప్పింది. గుమ్మంలో నిలబడి లోపలికి రాలేదు. వాని కండ్లు ఎర్రగా ఉండినాయి. "నేనే గదా బావా టైటు చేసింది" అన్నాడు. నేను చెప్పాల్సిన సమయం అది. బెడ్డు మీద పండుకొని, "పోనీలేరా, ఒక్కోసారి అట్ల అయితుంది" అన్నాను. వాన్ని క్షమించినట్టు మాట్లాడినాను.

మా ఇల్లు మేడ మీద. విరిగిన ఎముక అతికేదాకా మెట్లు ఎక్కి దిగొద్దన్నారు. ఫిజియోథెరపీకి వారానికి మూడుసార్లు పోవాల. ప్రతిసారీ దాము షాపు మూసి వచ్చి నన్ను వీపున మోసుకొని దించి, మళ్ళీ మోసుకొని ఎక్కించినాడు. ఫిజియో దగ్గర కాలికి కరెంటు పెడితే పాదం టక్కున లేస్తుంది, తీసేస్తే పడిపోతుంది. దాము పక్కన కూర్చొని, ఒకటి రెండు అని లెక్కపెడతా ఉంటాడు. వాడు మోస్తా ఉంటే వాని మెడ వెనక చెమట నా చెంపకు తగిలేది.

మూడు వారాలకు చెన్నైలో టెస్టులు చేసినారు. సూదులు గుచ్చి తెర మీద గీతలు చూసి, నరం పూర్తిగా తెగలేదు, కానీ చాలా దెబ్బతిన్నది, మెల్లగా పెరుగుతుంది, నెలలు పడుతుంది, పూర్తిగా వస్తుందని మాట ఇవ్వలేము అన్నారు.

ఈ లోపల నేను చెప్పిన మాట నాకంటే బాగా నడిచింది. నన్ను చూడడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ బ్రేకు కథే చెప్పినాను. ట్రైన్లో నాతో వచ్చేవాళ్ళకు, స్కూలు డ్రైవర్లకు, ఊరోళ్ళకు. వాళ్ళలో సగం మంది దాము షాపులో బండ్లు చేయించుకునేవాళ్ళే. సొంత బావకిచ్చే బండికే బ్రేకు సరిగ్గా చూడనోడు మన బండి ఏం చూస్తాడు అని ఒకరన్నారంట. సుజాత ఇది నాకు చెప్పినప్పుడు, జనాల నోటికి ఏముంది అన్నాను.

మూడో నెలలో పాదం మీద పుండు పడింది. స్ప్లింట్ పట్టీ రాపిడికి చర్మం లేచింది. అక్కడ స్పర్శ లేదు కాబట్టి నాకు తెలియలేదు. రోజూ స్ప్లింట్ విప్పి పాదం చూసుకోమని మొదటి రోజే చెప్పినారు. నేను చూసుకోలేదు. కాలు ఎర్రబడి, జ్వరం వచ్చి, సెల్యులైటిస్, అంటే చర్మం కింద ఇన్ఫెక్షన్, అని అడ్మిట్ చేసినారు. అయిదు రోజులు ఐవి యాంటిబయాటిక్స్. పగలంతా దామే పక్కన ఉండినాడు.

నాలుగో రోజు మధ్యాహ్నం సుజాత క్యారియర్ తెచ్చింది. దాము చేయి కడుక్కోవడానికి బయటికి పోయినప్పుడు నాతో మెల్లగా చెప్పింది. దాము షాపు ఎత్తేస్తా ఉండాడు. ఏదో కంపెనీలో పనికి చెప్పుకున్నాడు. ఎందుకప్పా అని అడిగితే, "ఇంక స్పానర్ పట్టుకుంటే చేయి వణకతా ఉందక్కా. ఏ బండి ఇచ్చినా, ఇది యాడ ఎవరిని పడేస్తుందో అనిపిస్తా ఉంది" అన్నాడంట.

నేను క్యారియర్ మూత పక్కన పెట్టినాను. దాము లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. నేను ఫోను తీసి, ఆ వీడియో పెట్టి, వాని చేతికిచ్చినాను. అన్ని నెలలు దాన్ని తుడిచేయలేదు. ఎందుకో ఇప్పటికీ నాకు తెలియదు. సుజాత కూడా వాని వెనక నిలబడి చూసింది.

వాడు ఒకసారి చూసినాడు. మళ్ళీ మొదటి నుంచి చూసినాడు. మూడోసారి బండి లేచే చోట ఆపి, వేలితో పెద్దది చేసి నా వైపు తిప్పినాడు.

"కాలు చూడు బావా. బ్రేకు మీద లేదు."

నిజమే. నా కుడికాలు పెడల్‌కు దూరంగా గాల్లో ఉంది.

"వెనక బ్రేకు తొక్కి ఉంటే ముందు చక్రం అప్పుడే కిందికి దిగేస్తుంది. తొక్కల్యా?"

"అది నాకు తెలియదురా" అన్నాను.

వాడు ఫోను బెడ్డు మీద పెట్టినాడు. "నెంబర్ ప్లేటు విరిగింది చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. పక్కకు జారిన బండికి వెనక ఎందుకు విరుగుతుంది? ఆ బ్రేకు డ్రమ్ము ఆరుసార్లు విప్పి చూసినా. ఏమీ లేదు. అయినా నువ్వు చెప్పినావు గదా అని, నిన్ను అనుమానించలేక నన్ను అనుమానించుకున్నా."

అంతే అన్నాడు. గట్టిగా కూడా అనలేదు. లేచి పోయినాడు. సుజాత క్యారియర్ గిన్నెలు ఒకదాని మీద ఒకటి సర్దుకుంది. నేను తినలేదు, తినమని ఆమె అడగలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఆమె నాతో అవసరమైన మాటలే మాట్లాడింది.

మరుసటి రోజు డాక్టరమ్మకు అన్నీ చెప్పినాను. బండి ఎట్ల తిరగబడింది, ఎక్కడ పడింది, ఆదివారం వేళ్ళు కదిలినాయి, కట్టు ఎట్ల బిగించినాను. ఆమె ఫైల్లో రాసుకుంది. ఇది మొదటి రోజే చెప్పి ఉంటే, కట్టుకే నరం ఎక్కువ నలిగిందని అనుకొని, టెస్టులు, వైద్యం వేరే వరసలో పెట్టి ఉండేదాన్ని అన్నది. దానివల్ల కాలు ఎంత మిగిలేదో ఇప్పుడు చెప్పలేనన్నది. తిట్టి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేది.

డిశ్చార్జ్ అయినాక వాకర్ పట్టుకొని స్కూలుకు పోయి కరస్పాండెంట్‌కు చెప్పినాను. ఆయన కిటికీ వైపు చూసి, బస్సులు ఇంక మీరు చూడలేరు సార్, మీకే తెలుసు గదా అన్నాడు. పుస్తకాలు, యూనిఫాంలు ఇచ్చే స్టోర్ రూంలో వేసినాడు. పని నుంచి తీసేయకపోవడం ఆయన మంచితనం.

తర్వాత దాము షాపుకు పోయినాను. వాడు నన్ను చూసి కూడా తల ఎత్తలేదు. షాపు ముందర బల్ల మీద కూర్చున్నాను. బండి తెచ్చినవాళ్ళకు, టీ తాగడానికి వచ్చినవాళ్ళకు, కాలెట్ల ఉందని అడిగినవాళ్ళకు చెప్పినాను. బ్రేకు బాగానే ఉండింది. వీలీ చేయబోయి నేనే పడినాను, అబద్ధం చెప్పినాను. కొందరు నవ్వినారు. ఒక పెద్దాయన, నీ వయసేమిటప్పా అని అడిగినాడు. వయసు కూడా చెప్పినాను. అట్ల వరసగా ఆరు ఆదివారాలు పోయినాను. మూడో ఆదివారం దాము నాకొక టీ పంపినాడు. మాట్లాడింది మాత్రం ఆరో ఆదివారమే. షాపు ఎత్తేయలేదు.

ఏడో నెలలో ఒక రోజు ఫిజియో దగ్గర కరెంటు పెట్టకుండానే బొటనవేలు కొంచెం కదిలింది. ఫిజియో "ఫ్లికర్ వచ్చింది" అన్నాడు, నరం మేలుకుంటా ఉందంట. నాకు ఏడుపు వచ్చింది.

ఇంకో నాలుగు నెలలకు దాము ఫోన్ చేసి, ఆదివారం ఒకచోటికి పోదాం రా అన్నాడు. శ్రీపెరుంబుదూరు వైపు, గేటు వేసిన ఒక ప్రైవేటు మైదానం. అక్కడ బండి స్టంట్లు నేర్పిస్తారు. దాము వాళ్ళ బండ్లకు మెకానిక్ పని చేయడానికి ఒప్పుకున్నాడు. పొద్దుట్నుంచి అంతా కూర్చొని చూసినాను. లోపలికి వచ్చినవాళ్ళ లైసెన్సు చూసినారు, ఫారంలో బ్లడ్ గ్రూపు, ఇంటివాళ్ళ ఫోను నెంబరు రాయించినారు. హెల్మెట్, వీపుకు ప్యాడు, మోకాళ్ళకు గార్డులు, బూట్లు లేకుండా బండి ముట్టుకోనియ్యలేదు. అంబులెన్సు గేటు దగ్గర నిలబడి ఉంది. నేర్చుకునే బండికి వెనకాల ఇనుప కడ్డీ ఉంది, బండి ఎంత లేచినా వెనక్కి తిరగబడదు.

రెండు గంటలపాటు ఎవరూ చక్రం లేపలేదు. నడిచేంత స్పీడులో పోతా, మాస్టరు చేయి ఎత్తినప్పుడల్లా కుడికాలితో వెనక బ్రేకు తొక్కేది. అంతే. ఆలోచించకుండా కాలు దానంతట అదే తొక్కేదాకా అదే చేయించినాడు. తర్వాత బెత్తెడు ఎత్తు లేపి, బ్రేకుతో దించేది. రోడ్డు మీద ఇది చేస్తే పోలీసు కేసు, లైసెన్సు పోతుంది, అంతకంటే ముఖ్యంగా రోడ్డు మీద నడిచేవాళ్ళు దీనికి ఒప్పుకోలేదు గదా అని ఆయన మొదట్లోనే చెప్పినాడు. ఇదే మాట నేను మా డ్రైవర్లకు ఎన్నిసార్లు చెప్పినానో.

మధ్యాహ్నం ఆయన నా దగ్గరికి వచ్చి, మీరు కూడా చేసి చూస్తారా సార్ అని అడిగినాడు. నా మనసు ఊరుకోలేదు. కాలు చూపించినాను. ఆయన కింద కూర్చొని నా పాదం కింద తన చేయి పెట్టి, తొక్కండి అన్నాడు. తొక్కినాను. వెంటనే ఎత్తండి అన్నాడు. పాదం మెల్లగా, సగమే లేచింది. "ఇప్పుడు వద్దు సార్. బ్రేకు మీద నుంచి కాలు లేవకపోతే అది కూడా ప్రమాదమే" అన్నాడు. కాలు బ్రేకు సరిగ్గా తొక్కుతుందా అని ఒక పరాయి మనిషి ఒక్క నిమిషంలో చూసినాడు, ఆ రోజు బండి ఎక్కే ముందు ఆ ప్రశ్న నన్ను నేను అడగలేదు. దాము దూరంగా స్పానర్ తుడుచుకుంటా మమ్మల్నే చూస్తా ఉండినాడు.

ఇప్పటికి రెండేండ్లు దాటింది. పాదం ముప్పావు భాగం లేస్తుంది. ఇంట్లో స్ప్లింట్ లేకుండా నడుస్తాను, ట్రైనుకు పోయేటప్పుడు వేసుకుంటాను. రోజూ స్నానం అయినాక పాదం పైన, కింద వెలుతురులో చూసుకుంటాను. రెండు బ్రేకులూ చేతిలో ఉండే గేరు లేని స్కూటర్ తోలతాను. స్టోర్ రూంలో పిల్లలకు బూట్లు కొలిచి ఇస్తాను. సుజాత మళ్ళీ మామూలుగా మాట్లాడతా ఉంది. కానీ నేను ఏదైనా చెప్తే ఒక క్షణం నా ముఖం చూసి, తర్వాత సరే అంటుంది. ఆ క్షణం ముందు ఉండేది కాదు.

నేను చెప్పగలిగింది ఒకటే. మీరు ఎట్ల పడినా, ఎంత సిగ్గుచేటు పని చేస్తా పడినా, అదే రోజు ఆస్పత్రికి పోయి డాక్టర్‌కు జరిగింది జరిగినట్టు చెప్పండి. ఏ పక్కకు పడినారు, మీ మీద ఏది పడింది, ఏ వేలు ఎప్పటిదాకా కదిలింది, అన్నీ చెప్పండి. పోయిన వారం ట్రైన్లో ఎదురుగా కూర్చున్న ఒకాయన నా స్ప్లింట్ చూసి ఏమైందని అడిగినాడు. ఇప్పటికీ నోటి దాకా వేరే మాట వస్తుంది. దాన్ని మింగి, "వీలీ చేయబోయి పడినాను" అన్నాను. ఆయన తల ఊపి, మళ్ళీ పేపరు చదువుకున్నాడు.